పట్టుకొంగులో ఆఖరి పేజీ

మొన్న వేసవిలో మా కామిక్ ఆఖరి పేజీ అచ్చుకు పోకముందే పట్టు మీదికి ఎక్కింది.

నేను దాన్ని చూసింది హిందూపురంలో, ఇస్సాకన్న ప్రెస్సులో నిలబడి. కవర్ ప్రూఫులో ఎరుపు ఎక్కువైందని ఆయనతో గొడవ పడుతూ మధ్యలో ఊరికే ఫోను తెరిచాను. ధర్మవరంలో జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టే ఈరన్న ఒక వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. "మా వెంకటేశులు మామ మగ్గం మీద కొత్త బొమ్మ" అని రాసి, కింద వరసగా దండం గుర్తులు. వెంకటేశులు అంటే మా మామ, నా మొగుడి నాయన. ఫోటోలో సగం నేసిన పట్టుకొంగు ఉంది. కొంగులో ఒక ముసలాయన చాప మీద నిద్రపోతున్నాడు. పక్కన మగ్గం, దాని మీదికి వంగి ఒక ఆడమనిషి, ఆమె చేతిలో సూది. బొమ్మ ఆమె మెడ వరకే వచ్చింది. తల ఇంకా నేయలేదు.

నా చేతిలోని ప్రూఫు కింద పడిపోయింది.

"ఏమాయెనమ్మా? ఎవురికన్నా ఏమన్నా అయిందా?" అన్నాడు ఇస్సాకన్న.

"మా ఆఖరి పేజీ అన్నా. ఈ పొద్దు నీకిచ్చేదానికి తెచ్చిన పేజీ. ధర్మవరంలో సీర మీద ఉండాది."

ఆయన ఫోను తీసుకుని కళ్లజోడు పైకెత్తి చూశాడు. తర్వాత నా మెడలో వేలాడుతున్న పెన్‌డ్రైవు వైపు చూశాడు. "అది ఈడుంటే ఆడికెట్ల పోయె?" అన్నాడు.

మా "కండె కామిక్స్" అంటే ఏదో కంపెనీ అనుకోవద్దు. అద్దె ఇంట్లో ముందు గది, ఒక స్కానరు, నేను, నా మొగుడు మంజునాథ్. బొమ్మలు అతనివి. మాటలు రాయడం, అచ్చు వేయించడం, పార్సిళ్లు కట్టడం, ఎవరితోనైనా పోట్లాడాల్సి వస్తే పోట్లాడటం నావి. ఆఖరి పనిలో నాకు మంచి పేరుంది. మేము వేస్తున్న "గుంటమగ్గం" ఐదు సంచికలు వచ్చింది, ఆరోదానితో ముగుస్తుంది. కథ చిన్నదే. ఒక ముసలి నేతగాడికి చూపు తగ్గింది. పోగు తెగినా కనిపించదు. అయినా పొద్దున పడిన తప్పు సాయంత్రానికి చీరలో ఉండదు. మగ్గంలో చౌడమ్మ తల్లి కూర్చుని సరిచేస్తోందని ఆయన నమ్మకం. నిజంగా సరిచేసేది ఎవరు అన్నదే కథంతా. చదివేవాళ్లు దీని మీద పందేలు కట్టుకున్నారు. పెంపుడు పిల్లి అన్నవాళ్లున్నారు, చచ్చిపోయిన తమ్ముడి దయ్యం అన్నవాళ్లున్నారు. జూన్‌లో బెంగళూరులో మాలాంటి చిన్న ప్రచురణకర్తలంతా కలిసి పెట్టే కామిక్స్ మేళాలో ఆఖరి సంచిక తెస్తామనీ, అప్పటిదాకా ఆ పేజీ కన్నతల్లికి కూడా చూపించననీ నేను ఇన్‌స్టాగ్రాంలో గొప్పలు చెప్పుకున్నాను.

ఇంటికి పరుగెత్తాను. మంజునాథ్ అప్పుడే పొద్దుటి చద్దన్నం ముందు కూర్చున్నాడు. ఫోను అతని కంచం పక్కన పెట్టి, "ఎవురికిచ్చినావు దీన్ని?" అని అరిచాను.

అతను చూశాడు. చెయ్యి కడుక్కోకుండానే లేచి, గోడ వారన నిలబెట్టిన కాగితాల చుట్టలన్నీ కిందికి లాగి వెతకడం మొదలుపెట్టాడు.

మంజునాథ్ తెల్లకాగితం మీద బొమ్మ గీయలేడు. చిన్నప్పటి నుంచి గ్రాఫు కాగితం మీద చీరల డిజైన్లకు గళ్లు నింపి నేర్చుకున్న చెయ్యి అది. కామిక్ పేజీలు కూడా అదే గళ్ల కాగితం మీద, ఒక్కో గడి నింపుకుంటూ గీస్తాడు. మా బొమ్మలు నేసినట్టు ఉంటాయని మేళాల్లో అందరూ మెచ్చుకునేది అందుకే. ఇప్పటికీ ధర్మవరానికి చీరల డిజైన్లు గీసి, చుట్ట చుట్టి బస్సులో పంపుతుంటాడు. ఈరన్న ఆ గళ్లను చూసి అట్టలకు బొక్కలు కొడతాడు. నిండిన గడికి బొక్క పడుతుంది, ఖాళీ గడికి పడదు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే చీరలో బొమ్మ దిగుతుంది. ఇది నెమలా, మనిషా అని ఈరన్న అడగడు. ఈ మధ్య పెళ్లికూతురూ పెళ్లికొడుకుల ముఖాలే కొంగుల్లో నేయించుకుంటున్నారు, ఇంక అడిగేందుకు ఏముంది?

"ఆఖరి పేజీ రెండు తూర్లు గీసింటి," అన్నాడు మంజునాథ్ నేల మీద కూలబడి. "మొదటిది వద్దని పక్కన పెడితి. అది నెమలి డిజైను చుట్టలో కలిసి పోయింది."

"మొదటిది ఏమిటికి వద్దంటివి?"

అతను లాగిన చుట్టలను మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.

నేనే ఈరన్నకు ఫోను కొట్టాను. "ఏమక్కా, సూస్తివా? మగ్గం కింద అద్దం పెట్టి తీసినా ఆ ఫోటో. వీధంతా నా ఫోన్లో సూసి పోతాండారు!" అన్నాడు సంబరంగా.

"ఆ స్టేటస్ తీసేయ్ ఈరన్నా. ఆ మగ్గం ఆపు."

"నేనెట్ల ఆపేది? తలకాయ అట్టలు ఈ పొద్దే ఎక్కిస్తి. రేపు మాపటికి ఆయమ్మ మొగం గూడా దిగిపోతాది."

మొగం అనే మాట వినగానే మంజునాథ్ లేచి చొక్కా తగిలించుకున్నాడు. "పా, ధర్మవరం పోదాం" అన్నాడు. మూడేళ్ల కాపురంలో అతను నన్ను తొందరపెట్టడం అదే మొదలు.

ప్యాసింజరు బండి ఎక్కాక నా ఫోను మోగుతూనే ఉంది. ఎవరో పుణ్యాత్ముడు ఈరన్న స్టేటస్‌ను మా పాఠకుల గ్రూపులోకి తోశాడు. "పిల్లి కాదన్నమాట", "ఆడమనిషి ఎవరు మేడం, పెళ్లామా కూతురా", "తల లేదు, సస్పెన్స్ సూపర్". నేను ఒక్కొక్కటి చదివి వినిపిస్తూ, మధ్యమధ్యలో అతన్ని తిడుతూ కూర్చున్నాను. రెండేళ్లు కడుపులో దాచుకున్న ముగింపు. మేళాలో బల్ల ముందు జనం నిలబడి ఆ పేజీ తిప్పుతుంటే వాళ్ల ముఖాలు చూడాలని నా ఆశ. అంతా మట్టిపాలు.

పెనుకొండలో క్రాసింగు కోసం బండి ఆగింది. కార్ల ఫ్యాక్టరీ యూనిఫారాల్లో ఉన్న పిల్లలంతా దిగిపోయారు. పెట్టె ఖాళీ అయింది. కిటికీలోంచి కొండ మీద కోట గోడ ఎండకు తెల్లగా కనిపిస్తోంది. ఎదురుగా కూర్చున్న మంజునాథ్ ఉన్నట్టుండి అన్నాడు.

"యమునా, ఆ కథ నేను కల్పించలే."

"ఏ కథ?"

"రెండేండ్ల కిందట ఎండాకాలంలో, సెప్పకుండా ఇంటికి పోయింటి. మిట్టమద్దేనం. నాయన తిని పండుకొని ఉండాడు. మా యమ్మ నాయన మగ్గం కాడ కూసోని, సూదితో ఎగిరిన జరీ సర్దుతాంది, తెగిన పోగులు అతికిస్తాంది. నన్ను సూసి నోటి మీద యేలు పెట్టె. బయటికి తీసుకపోయి సెప్పె. మీ నాయనకు కండ్లు కనపడవు, ఆయనకు ఆ సంగతి తెలీదు, తెలిస్తే మగ్గం దిగేస్తాడు, దిగితే ఆ మనిషి బతకడు, నువ్వు సూడనట్లే ఉండు అని. ఒట్టు ఏయించుకునె."

అతన్ని తిట్టడం మరిచిపోయాను. నా విషయంలో ఇది మామూలు సంగతి కాదు.

"సెప్పనని ఒట్టేస్తి గానీ గీయనని ఏయలే అనుకొని గీస్తి," అన్నాడు అతను తల వంచుకుని. "మొదటి పేజీలో అచ్చంగా మా యమ్మ మొగమే వచ్చేసె. దిగులుపడి రెండోది గీస్తి, వేరే మొగం పెట్టి. ఇప్పుడు మగ్గం మీద ఉండేది మొదటిది."

నేను ఆ ఇంటికి ప్రతి పండక్కీ పోయినదాన్ని. ఆ గదిలో కూర్చుని అత్త చేతి ఉగ్గాని తిన్నదాన్ని. "నా మగ్గంలో చౌడమ్మ ఉండాది, తప్పు పడనీదు" అని మామ అన్నప్పుడల్లా ముసలాయన గొప్పలని నవ్వుకున్నదాన్ని. ఆ మాటను కామిక్‌లోకి భలే ఎత్తుకున్నావని మంజునాథ్‌ను మెచ్చుకున్నదాన్ని. సరిచేసేది ఎవరో చెప్పుకోండి చూద్దామని లోకాన్నంతా పిలిచి నేను పందెం పెట్టింది మా అత్త గుట్టు మీద. ఇంటిగుట్టు లంకకు చేటంటారు, మేము ఆ గుట్టుకు పోస్టర్లు కూడా వేశాం. పాఠకుల గ్రూపు మోగుతోంది. ఫోను ఆపేశాను.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు అచ్చెయ్యనిచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. కోపం రావాల్సిన చోట నాకు భయం వేసింది. రేపు ఆ ముఖం కొంగులో దిగితే వీధిలో ఎవరో ఒకరు, "ఏమప్పా వెంకటేశులూ, నీ పెండ్లామే గదా ఇది" అనకుండా ఉంటారా? నలభై ఏళ్లుగా ధర్మవరంలో తన చీరలో తప్పుందని ఎవరి చేతా అనిపించుకోని మనిషి. తన తప్పులు పెళ్లాం దిద్దుతోందని వీధిలో పదిమంది నోట వినాలి. ఎదురు బండి వెళ్లిపోయింది, మా బండి కదిలింది.

ధర్మవరంలో దిగేసరికి ఎండ నెత్తి మీద ఉంది. మా వీధిలో ఇంటింటా మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. మా ఇంట్లో మాత్రం లేదు. మామ అన్నం తిని పడుకునే వేళ. వాకిలి దగ్గరగా వేసి ఉంది. మంజునాథ్ మెల్లగా తోశాడు.

లోపల చూసి నేను గుమ్మం పట్టుకున్నాను. మామ గోడ వారన చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఒక చెయ్యి కళ్ల మీద వేసుకుని. మా అత్త లక్ష్మీదేవమ్మ మగ్గం మీదికి వంగి ఉంది. చేతిలో సూది. నా మెడలో పెన్‌డ్రైవులో ఉన్న పేజీ, ఈరన్న ఫోటోలో ఉన్న కొంగు, ఈ గది, మూడూ ఒకటే. తేడా అల్లా ఇక్కడ ఆమెకు తన ముఖం ఉంది. నోట్లో దారం ముక్క పెట్టుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తోంది.

మమ్మల్ని చూసి ఉలిక్కిపడింది. నోటి మీద వేలు పెట్టింది.

మగ్గంలో చీర బోర్లా ఉంటుంది, ముఖం కిందికి. ఆమెకు కనిపించేది ఎగిరిన పోగులే. తాను కుడుతున్నది తన బొమ్మనే అని ఆమెకు తెలియదు. నేను గబగబా దగ్గరికి పోయి, ఫోను వెలిగించి ఫోటో చూపించబోయాను. ఏం చెప్పాలో కూడా అనుకోలేదు.

అప్పుడు చాప మీద నుంచి మాట వినిపించింది.

"మెల్లగ అడుగెయ్యమ్మా యమునా. మీయత్త పని సేసుకుంటాంది."

చెయ్యి కళ్ల మీద నుంచి తీయలేదు. గొంతులో నిద్ర లేదు. అత్త చేతిలో సూది అట్లాగే గాలిలో ఆగింది.

"నాయనా," అన్నాడు మంజునాథ్, "నువ్వు మేలుకోని ఉండావా?"

"నిద్దర యాడిదిరా. రెండేండ్లాయె మద్దేనం నిద్దర పోయి." మామ లేచి కూర్చున్నాడు. "నేను పండుకుంటే గదా ఆమె మగ్గం కాడికొచ్చేది. కండ్లు మూసుకుంటే పనయిపోతాదని మూసుకుంటి."

"తెలుసా నీకు?" అంది అత్త. ఆమె గొంతు నాకు ఎవరిదోలా వినిపించింది.

"నా కండ్లు నాకు తెలీకుండా పోతాయా? నేను మగ్గంలో చౌడమ్మ ఉండాదని వీధంతా సెప్తాంటే ఎవుర్ని అంటాండానని అనుకుంటివి?" అని ఆమెతో అని, కొడుకు వైపు తిరిగాడు. "మొన్న ఈరన్న అద్దంలో సూసి సెప్పినాడు, మామా, ముసిలోడు నిద్దర పోతాండాడు, ఆయమ్మ సూది పట్టుకొనుండాది అని. ఎవురు గీసినారో అప్పుడే తెలిసిపాయె. నా నోటితో సెప్పలేకపోతి, నేసన్నా సెప్దామనుకుంటి."

ఆమె ఏడుస్తుందని అనుకున్నాను. కథల్లో అయితే నేనూ అట్లాగే రాసేదాన్ని. మా అత్త సూదిని మగ్గం చెక్కకు గుచ్చి లేచింది.

"దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకొని కూసుంటి," అంది. "నా ఇంట్లో నేనే దొంగ మాదిరి పిల్లి అడుగులేస్తి. నీకు తెలిస్తే సస్తావని భయపడి, దినాము చౌడమ్మకు మొక్కుకుంటి. నువ్వు పండుకోని వింటాంటివా? వింటా ఉండి రెండేండ్లు నన్ను దొంగను సేస్తివా?" తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు ఒట్టేసి ఊరందరికీ బొమ్మ గీసి సూపిస్తివా? నాయనకు తగ్గ కొడుకువే."

ఆమె వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.

మామ ఆ రోజే మగ్గం దిగేశాడు. కొంగులో ముసలాయన నిద్ర, తల లేని ఆడమనిషి అట్లాగే ఉండిపోయారు. మా అత్త వంట చేసేది, వడ్డించేది, మాట మాత్రం లేదు. ఆయన అరుగు మీద కూర్చుని పక్క ఇళ్ల మగ్గాల చప్పుడు వినేవాడు. ఒంట్లో బలం ఎవరో తోడేసినట్టు రోజురోజుకూ వాలిపోయాడు. మేము హిందూపురం తిరిగి పోలేదు, మంజునాథ్ రాత్రీ పగలూ నాయన పక్కనే తిరిగేవాడు. అత్త భయం నిజమవుతుందని మా ఇద్దరికీ గట్టిగా అనిపించింది, పైకి అనలేదు.

ఇస్సాకన్న ఫోను చేశాడు. "ఆఖరి ఫారం పేజీలు ఎప్పుడిస్తావమ్మా? మిషను ఖాళీగా పెట్టినా. బేగ సెప్పు." ఇవ్వనన్నాను. "మేళా?" అన్నాడు. మేళాకు పోలేదు. బెంగళూరులో మా బల్ల ఖాళీగా ఉంది. ఖాళీ బల్ల ఫోటోను ఎవరో పెట్టి, "కండె వాళ్లకు ఏమైంది" అని అడిగారు. నాకు జవాబు రాయబుద్ధి కాలేదు.

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు పొద్దున్నే మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. మామే మళ్లీ ఎక్కాడేమో అని లేచి పోయాను. గుంటలో కాళ్లు పెట్టుకుని మా అత్త కూర్చుని ఉంది. బత్తలపల్లి దగ్గర పుట్టింట్లో పెళ్లికి ముందు నేసిన చెయ్యి అట. నాకు ఆ సంగతీ తెలియదు. పక్కన నేల మీద మామ, రాట్నం ముందు పెట్టుకుని, తడుముకుంటూ కండెలకు దారం చుడుతున్నాడు. ఇద్దరి మధ్యా ఇంకా మాటల్లేవు. కండె అయిపోతే ఆమె చెయ్యి చాపేది. ఆయన అందించేవాడు.

ఈరన్న వచ్చి వాకిట్లోనే నిలబడిపోయాడు. "ఇదేంది మామా, ఆడోళ్ల పని సేస్తాండావు?"

"ఏమబ్బా, కండె సుట్టకుండా సీర యాడనుంచి వస్తాది?" అన్నాడు మామ. చానా రోజుల తర్వాత ఆ గొంతులో ప్రాణం వినిపించింది. నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మా అత్త తన ముఖాన్ని తానే నేసుకుంది. తొందరపడలేదు. మధ్యలో ఆపి అద్దంలో చూసి, "ముక్కు ఇంత లావుగా గీసినావేందిరా" అని కొడుకును తిట్టింది. ఆ తిట్టుతో అతని నెత్తి మీది బండ దిగింది. ఆ చీర నేయమన్న షాపాయనకు వేరే కొంగు నేసిస్తామని ఒప్పించే పోట్లాట నాకు అప్పగించారు. "నా మొగం ఎవురో పెండ్లిలో ఏసుకొని తిరుగుతాంటే నేను ఊరుకుంటానా?" అంది అత్త.

చీర కోసిన రోజు మా ఇంట్లో పద్ధతి ఒకటుంది. టెంకాయ కొట్టి, చీరను మగ్గం నుంచి దించి, మొదటిసారి ముఖం పైకి పెట్టి పరుస్తారు. అందరం చుట్టూ కూర్చున్నాం. చాప మీద ముసలాయన, మగ్గం దగ్గర మా అత్త. మంజునాథ్ భయం భయంగా అడిగాడు. "అమ్మా, ఈ పేజీ అచ్చెయ్యాల్నా, వద్దా? నువ్వు వద్దంటే సించేస్తా."

ఆమె జవాబు చెప్పలేదు. మగ్గం చెక్కకు గుచ్చిన సూది తీసి, నల్ల పట్టుపోగు ఎక్కించి, కొంగు మీదికి వంగింది. ముసలాయన ముఖం దగ్గర ఏదో చిన్నగా కుట్టి, పళ్లతో దారం తెంపింది. "అచ్చేసుకోండి," అంది. "ఇప్పుడుండేట్ల అచ్చేసుకోండి."

నేను తల వంచి చూడబోయేలోగా మామ చెయ్యి చాపాడు. నలభై ఏళ్ల అలవాటు. కొంగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బొటనవేలితో తడుముకుంటూ వచ్చాడు. ముసలాయన ముఖం దగ్గర వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్లీ తడిమాడు.

"ఈడ ఒక పోగు లేసిందే," అన్నాడు. "తప్పు పడినట్లుండాది."

ఆ గొడవ అయ్యాక మా అత్త మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడింది.

"తప్పు కాదు. అది నీ కన్ను. ఇంగ మూయొద్దు."